గాబోర్ పెటెర్డి టెక్నిక్ పుస్తకం రాసిన మాస్టారు మాత్రమేనా?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ప్రింట్‌మేకింగ్ (చెక్కిన లేదా గీసిన పలక నుంచి కాగితం మీద బొమ్మ అచ్చు తీసే కళ) క్లాసులో మీ సార్ గాబోర్ పెటెర్డి పుస్తకం చదవమన్నారు. ఆయన గురించి వెతికితే హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ప్రింట్‌మేకర్, పెయింటర్, టీచర్ అన్న రెండు లైన్లకు మించి మీకు ఏమీ దొరకలేదు. అందుకే ఆయన నిజంగా పెద్ద కళాకారుడా, లేక టెక్నిక్ పుస్తకం రాసిన మాస్టారు మాత్రమేనా అని అడిగారు. మన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు కూడా పెటెర్డి పనిచేసిన పారిస్ వర్క్‌షాప్ అటెలియే 17 నుంచే వచ్చారు కదా, ఇద్దరి పనికీ పోలిక ఉందా అన్నది రెండోది. 1959 నాటి పుస్తకం ఇప్పుడు పనికొస్తుందా అన్నది మూడోది.

చాలా ఏళ్లుగా ఎచింగ్ (లోహపు ప్లేట్ మీద గీతలను యాసిడ్‌తో తినిపించి అచ్చు తీసే పద్ధతి) ప్రెస్ తిప్పుతూ, తిప్పడం నేర్పుతూ ఉన్నవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పుస్తకంతో మొదలుపెడితే పెటెర్డి టెక్నిక్ మాస్టారుగానే కనిపిస్తాడు. ప్లేట్లతో మొదలుపెడితే మనిషి మారిపోతాడు. చెప్పాల్సిన విషయం మారినప్పుడల్లా చేతిలో పనిముట్టు మార్చుకున్న చిత్రకారుడు ఆయన. అలా మార్చుకుంటూ పోగైన అనుభవమే పాఠం అయింది, తర్వాత పుస్తకం అయింది. వరుస అది.

1915 సెప్టెంబరు 17న పెష్టూయ్‌హెయ్ అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది బుడాపెస్ట్ నగరంలో కలిసిపోయింది. హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, కాబట్టి అక్కడి మ్యూజియంల సైట్లలో వెతికేటప్పుడు పెటెర్డి గాబోర్ అని కొట్టండి. తండ్రి ఆండోర్ పెటెర్డి కవి. తల్లి జెనీ వార్నయీ అంతకంటే పేరున్న కవయిత్రి.

ఆ తల్లి గురించి కాస్త ఆగి చెప్పాలి. సైనికుడైన కొడుకును ఉద్దేశించి ఒక అమ్మ మాట్లాడుతున్నట్టు ఆవిడ రాసిన కవిత 1912లో సోషల్ డెమోక్రాట్ల దినపత్రిక నేప్‌సవాలో అచ్చయింది. వీధిలోకి వచ్చిన జనం మీద తుపాకీ ఎక్కుపెట్టొద్దు నాయనా, ఆ గుంపులో నేనూ ఉంటాను అన్నది దాని సారాంశం. హంగరీ కార్మికోద్యమంలో ఆ కవిత చాలామందికి నోటికి వచ్చేది. అప్పటికి గాబోర్ ఇంకా పుట్టనే లేదు. ముప్పై ఏళ్లు గడిచాక అదే తల్లి కడుపున పుట్టినవాడు అమెరికా సైన్యం యూనిఫాంలో యూరప్ యుద్ధంలోకి వెళ్లాల్సి వచ్చింది. ఆయన యుద్ధం బొమ్మలు చూసేటప్పుడు నాకు ఆ కవిత తప్పకుండా గుర్తొస్తుంది.

హంగరీలో ఎచింగ్‌కు అప్పటికే మంచి పునాది ఉంది. బుడాపెస్ట్ ఆర్ట్ అకాడమీలో విక్టోర్ ఓల్గ్యాయీ దగ్గర నేర్చుకున్న ఇష్త్వాన్ సోన్యి, విల్మోష్ ఆబా-నోవాక్, కారోయ్ పాట్కో లాంటి యువకులు 1920లలో రాగి ప్లేట్ మీద ఎంత పని చేశారంటే, కళాచరిత్రకారులు వాళ్లను ఎచింగ్ తరం అనే పిలుస్తారు. వీళ్లలో సోన్యి తర్వాత అదే అకాడమీలో గురువయ్యాడు. పెయింటింగ్, ప్రింట్, బోధన మూడూ ఒకే మనిషి చేతిలో ఉండటం అక్కడ వింతేమీ కాదు. పెటెర్డి కూడా ఆ అకాడమీలోనే అడుగుపెట్టాడు. కానీ ఎక్కువ కాలం ఉండలేదు. 1930లో పెయింటింగ్‌కు రోమ్ ప్రైజ్ వచ్చింది. అప్పటికి వయసు పదిహేనేళ్లు. రోమ్ అకాడమీలో కొన్నాళ్లు చదివి, 1931లో పారిస్ చేరి అకాడమీ జూలియాన్‌లో కూర్చున్నాడు. ఇంతవరకూ ఆయన దారి పెయింటర్ దారే.

మలుపు 1933లో వచ్చింది. ఆ ఏడాది స్టాన్లీ విలియం హేటర్ వర్క్‌షాప్‌లో చేరాడు. హేటర్ ఇంగ్లండ్ మనిషి. చదివింది కెమిస్ట్రీ, జియాలజీ. ఇరాన్‌లో ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేసి, అది వదిలేసి 1926లో పారిస్ వచ్చి, మరుసటి ఏడాది వర్క్‌షాప్ తెరిచాడు. 1933లో కాంపాన్య్-ప్రెమియేర్ వీధిలో 17వ నంబరు ఇంటికి మారడంతో దానికి అటెలియే 17 అన్న పేరు స్థిరపడింది. పికాసో, మీరో, మాక్స్ ఎర్న్‌స్ట్, జాకొమెట్టి లాంటివాళ్లు వచ్చి పనిచేసిన చోటు అది. గురువు, శిష్యుడు అన్న తేడా లేకుండా అందరూ ఒకే ప్రెస్ చుట్టూ నిలబడేవారు. ఒకరు కనిపెట్టింది ఇంకొకరికి చెప్పడం అక్కడి రివాజు.

అక్కడ పెటెర్డి చేతికి దొరికింది బ్యూరిన్. మీరు ఎచింగ్ చేశారు కానీ ఎన్‌గ్రేవింగ్ (యాసిడ్ లేకుండా లోహాన్ని చేత్తోనే చెక్కడం) చేసి ఉండకపోవచ్చు, అందుకే వివరంగా చెబుతాను. బ్యూరిన్ అంటే పలకలుగా ఉండే సన్నని ఉక్కు కడ్డీ. మొనను ఏటవాలుగా నూరతారు. చెక్క పిడి అరచేతి గుంటలో ఇమిడిపోతుంది. పెన్సిల్ లాగినట్టు దీన్ని మనవైపు లాగరు, ముందుకు తోస్తారు. నాగలి కర్రు మట్టిని చీల్చి చాలు తీసినట్టు, అది రాగిని చీలుస్తూ ముందుకు పోతుంది. తీగలా చుట్టుకుంటూ లోహం పైకి లేస్తుంది. గీత వంపు తిరగాలంటే బ్యూరిన్ పట్టిన చెయ్యి తిప్పరు, రెండో చేత్తో ప్లేట్‌నే తిప్పుతారు. లోతు పెరిగితే గీత లావెక్కుతుంది, పైకి తేల్చితే వెంట్రుకలా సన్నబడి ఆగిపోతుంది. ఎచింగ్‌లో గీతకు లోతు ఇచ్చేది యాసిడ్. ఇక్కడ యాసిడ్ ఉండదు. ఒత్తిడి, వేగం, తడబాటు అన్నీ మీవే, అన్నీ అచ్చులో కనిపిస్తాయి.

కొన్ని వందల ఏళ్లుగా ఈ పనిముట్టును ఎక్కువగా పెయింటింగులకు నకళ్లు తీయడానికి, కరెన్సీ నోట్లు, స్టాంపులు చెక్కడానికి వాడేవారు. హేటర్ తన స్నేహితుడు, పోలండ్ కళాకారుడు జోసెఫ్ హెక్ట్ దగ్గర బ్యూరిన్ నేర్చుకుని, దాన్ని మళ్లీ సొంతంగా గీత గీసే పనిముట్టుగా మార్చాడు. ముందుగా స్కెచ్ వేసుకోకుండా ప్లేట్ తిప్పుతూ పోతే గీత ఎటు తీసుకెళితే అటు వెళ్లడం ఆయన పద్ధతి. పెటెర్డి దాన్ని ఆసాంతం ఒంటబట్టించుకున్నాడు. కానీ ఆయన గీత గురువు గీతలా గాలిలో తేలదు. దానికి బరువుంటుంది, కండ ఉంటుంది.

1939 నాటి బ్లాక్ బుల్ ఎన్‌గ్రేవింగ్ చూడండి. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసిన ఏడాది అది. ఎద్దు బొమ్మ వేస్తే పారిస్‌లో ఎవరికైనా స్పెయినే గుర్తొచ్చే కాలం. అటెలియే 17 కూడా స్పెయిన్ కోసం డబ్బు పోగుచేయడానికి ప్రింట్ల పోర్ట్‌ఫోలియోలు వేసింది. అప్పటికి పెటెర్డి వయసు ఇంకా ఇరవై నాలుగు దాటలేదు. అయినా ఆ జంతువు ఒంట్లో ఉన్న బిగువు చూస్తే, ఆరేళ్లలో బ్యూరిన్ ఆయన చేతికి ఎంత లొంగిందో తెలుస్తుంది.

అదే ఏడాది యూరప్ వదిలి అమెరికా వెళ్లిపోయాడు. హేటర్ కూడా 1940లో న్యూయార్క్ చేరి వర్క్‌షాప్‌ను అక్కడే మళ్లీ తెరిచాడు. పెటెర్డి మాత్రం మధ్యలో సైన్యంలో చేరి యూరప్ యుద్ధభూమికి వెళ్లి వచ్చాడు. వెనక్కి వచ్చాక 1946లో చెక్కిన ప్లేట్ పేరు స్టిల్ లైఫ్ ఇన్ జర్మనీ. పళ్లు, పింగాణీ గిన్నెలు బల్ల మీద పెట్టి వేసే బొమ్మలను స్టిల్ లైఫ్ అంటారు, ఆ పేరును యుద్ధం మిగిల్చిన దానికి పెట్టాడు. మీరు ఆయన ప్లేట్లలో ఒకటే చూడగలిగితే ఇది చూడండి. కళ్లతో చూసినదాన్ని రాగి మీద చెక్కి అవతల పడెయ్యాల్సిన అవసరం ఉన్న మనిషి పని ఇది. నైపుణ్యం ప్రదర్శించే తీరిక అందులో లేదు.

ఇక్కడి నుంచి బోధన. 1948లో బ్రూక్లిన్ మ్యూజియం ఆర్ట్ స్కూల్లో గ్రాఫిక్ వర్క్‌షాప్ ఏర్పాటుచేశాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వమే చదువు ఖర్చు ఇస్తున్న రోజులు. కాలేజీలూ ఆర్ట్ స్కూళ్లూ వాళ్లతో నిండిపోయాయి. ఆ స్కూల్లోనే కొన్నాళ్లకు జర్మన్ చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్ కూడా పాఠం చెప్పాడు. తర్వాత 1950లలో హంటర్ కాలేజీ. 1960 నుంచి యేల్ యూనివర్సిటీ. అక్కడ రెండు దశాబ్దాలకు పైగా ఉన్నాడు.

అమెరికా యూనివర్సిటీల్లో ప్రింట్‌మేకింగ్ ఒక సబ్జెక్టుగా నిలబడింది ఈ తరంవల్లే. అటెలియే 17 నుంచే వచ్చిన అర్జెంటీనా కళాకారుడు మావురిసియో లసాన్‌స్కీ 1945లో ఐయోవాలో విభాగం మొదలుపెట్టాడు. ఐయోవాలో లసాన్‌స్కీ, యేల్‌లో పెటెర్డి. వీళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు తర్వాత దేశమంతా ప్రెస్సులు పెట్టుకున్నారు.

యేల్‌లో ఆయన దగ్గర చదివినవాళ్లలో పీటర్ మిల్టన్, మైకేల్ మాజూర్, చక్ క్లోజ్ ఉన్నారు. ఈ ముగ్గురి పనీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మిల్టన్‌ది సన్నని గీతలతో అల్లిన నలుపు తెలుపు లోకం. మాజూర్‌కు మోనోటైప్ (ప్లేట్ మీద ఇంకుతో బొమ్మ వేసి ఒక్కటే అచ్చు తీసే పద్ధతి) అంటే ప్రాణం. చక్ క్లోజ్ పెటెర్డికి అసిస్టెంట్‌గా కూడా పనిచేశాడు. 1972లో క్రౌన్ పాయింట్ ప్రెస్ అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో క్లోజ్ చేసిన పెద్ద మెజోటింట్ (ప్లేట్ అంతా గరుకు చేసి, వెలుగు కావాల్సిన చోట నునుపు చేసే పద్ధతి) ముఖచిత్రం, దాదాపు అందరూ మరిచిపోయిన ఆ పద్ధతిని మళ్లీ చర్చలోకి తెచ్చింది. ముగ్గురిలో ఏ ఒక్కరి పనీ పెటెర్డి పనిలా ఉండదు. నా దృష్టిలో ఒక టీచర్ గురించి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. మన దగ్గర చాలా డిపార్ట్‌మెంట్లలో మాస్టారి గీత చూసి శిష్యుల పేర్లు చెప్పేయొచ్చు. ఆ జబ్బు ఆయన వర్క్‌షాప్‌కు అంటలేదు.

పాఠాలు చెబుతూ సొంత పని ఆపేశాడనుకోకండి. 1950ల మొదట్లో జర్మినేషన్ లాంటి ప్లేట్లు వచ్చాయి. యుద్ధం వెనక్కి పోయి, విత్తనం, మొలక, పురుగులు, చిత్తడి నేలలు ముందుకొచ్చాయి. ఇక్కడే పనిముట్టు మారింది. ఎద్దు కండను చూపించడానికి బ్యూరిన్ చాలింది. మట్టి కింద కదలికను చూపించడానికి చాలలేదు. అందుకని సాఫ్ట్‌గ్రౌండ్‌లో (ప్లేట్ మీద పూసే మెత్తని మైనపు పూతలో) గుడ్డలూ అల్లికలూ ఒత్తి ఆ గరుకుతనం తీసుకున్నాడు, ఆక్వాటింట్ (రెసిన్ పొడి చల్లి యాసిడ్‌తో నీడలు తెచ్చే పద్ధతి) కలిపాడు, యాసిడ్‌తో లోతుగా తినిపించాడు. రంగు కోసం స్టెన్సిళ్లు, ప్లేట్ పైభాగం మీద రోలర్లు వాడాడు. అన్నీ ఒకే ప్లేట్‌లో. ఆ తర్వాత అలాస్కా మంచు నేలలు, హవాయి సముద్రం, లావా కూడా పనిలోకి వచ్చాయి. పెయింటింగుల్లోనూ అవే విషయాలు. న్యూయార్క్‌లో గ్రేస్ బోర్గెనిష్ట్ గ్యాలరీ ఆయన పెయింటింగులను ప్రదర్శించేది. నిజం చెప్పాలంటే నాకు ఆయన ఆయిల్ పెయింటింగుల కంటే ప్లేట్లే ఎక్కువ ఇష్టం. ఆయిల్‌లో రంగు ఎటంటే అటు ఒదిగిపోతుంది. లోహం ఒదగదు, ఎదురు తిరుగుతుంది. ఆ పెనుగులాటలోనే ఆయన బలం బయటపడుతుంది.

1959లో బ్రూక్లిన్ మ్యూజియం ఆయన పాతికేళ్ల ప్రింట్లతో ఎగ్జిబిషన్ పెట్టింది. పుస్తకం వచ్చిందీ అదే ఏడాది. 1964లో గగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. 2001 ఆగస్టులో కనెక్టికట్‌లో చనిపోయాడు.

మరి ఇంత పని చేసినవాడి గురించి రెండు లైన్లే ఎందుకు దొరుకుతున్నాయి? నాకు తోచిన కారణం ఇది. 1957లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో టట్యానా గ్రోస్‌మన్, 1960లో లాస్ ఏంజిలిస్‌లో జూన్ వేన్ లిథోగ్రఫీ వర్క్‌షాపులు మొదలుపెట్టారు. అక్కడ పద్ధతి వేరు. పేరున్న పెయింటర్ వచ్చి రాయి మీద బొమ్మ గీస్తాడు, నిపుణులైన ప్రింటర్లు అచ్చు తీస్తారు. పాప్ ఆర్ట్ వచ్చాక స్క్రీన్‌ప్రింట్ (సిల్కు తెర గుండా రంగు ఒత్తే పద్ధతి) కూడా తోడైంది. మార్కెట్టు, పత్రికలు అటే తిరిగాయి. తన ప్లేట్ తనే చెక్కి, తనే ఇంకు పట్టించి, తనే అచ్చు తీసే మనిషి పాతకాలం వాడిగా కనిపించాడు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. రెండు పద్ధతులకూ చోటుంది. కానీ ప్లేట్ మీద దొరికే ఆలోచన ప్లేట్ మీద పనిచేసేవాడికే దొరుకుతుంది, ఇంకొకరి చేత చేయిస్తే రాదు.

ఇక కృష్ణారెడ్డి గారి సంగతి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, మద్రాసు కళాక్షేత్రలో కొంతకాలం కళావిభాగం చూసి, లండన్‌లో స్లేడ్ స్కూలుకు, అక్కడి నుంచి పారిస్‌కు వెళ్లారు. ఆయన చేరేసరికి పెటెర్డి పారిస్ విడిచి పదేళ్లు దాటింది. హేటర్ మాత్రం 1950లో అటెలియే 17ను తిరిగి పారిస్‌కు తెచ్చాడు. కాబట్టి ఇద్దరిదీ ఒకే ఇల్లు, వేర్వేరు కాలాలు. కృష్ణారెడ్డి గారు తర్వాత ఆ వర్క్‌షాప్‌కు సహ దర్శకులై, 1970లలో న్యూయార్క్ యూనివర్సిటీకి వచ్చి పాఠాలు చెప్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లోనే పోయారు.

ఇద్దరూ ఎదుర్కొన్న సమస్య ఒకటే: ఒకే ప్లేట్ మీద, ఒకే అచ్చులో పలు రంగులు ఎలా తేవడం? పాత పద్ధతిలో రంగుకో ప్లేట్ కావాలి. 1946లో హేటర్ ఒకే ప్లేట్‌తో, సిల్క్‌స్క్రీన్ సాయం తీసుకుని, ఐదుగురు మనుషుల పెద్ద ప్రింట్ వేసి దారి చూపించాడు. పెటెర్డి ఆ దారిలో స్టెన్సిల్, రోలర్, గీత, గరుకు అన్నీ కలుపుకుంటూ పోయాడు. కృష్ణారెడ్డి గారు, తోటి ప్రింట్‌మేకర్ కైకో మోతీతో కలిసి, ఇంకు స్వభావంలోనే జవాబు వెతికారు. ప్లేట్‌ను రెండు మూడు లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపి పల్చగా చేసిన ఇంకును గట్టి రోలర్‌తో పై అంచుల మీద పట్టిస్తారు. తర్వాత నూనె తక్కువున్న చిక్కటి ఇంకును మెత్తని రోలర్‌తో ఒత్తితే అది లోతుల్లోకి దిగుతుంది. పైనున్న జిడ్డు ఇంకు దాన్ని అంటనివ్వదు. రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలబడతాయి. రెడ్డి గారు శిల్పి కూడా. అందుకే ఆయనకు ప్లేట్ కొండలూ లోయలూ ఉన్న ఒక శిల్పం. పెటెర్డి పెయింటర్, కాబట్టి ఆయనకు ప్లేట్ ఒక నేల, దాని మీద గీత నడుస్తుంది. రెడ్డి గారి వర్ల్‌పూల్ ప్రింట్‌ను పెటెర్డి చిత్తడి నేలల పక్కన పెట్టి చూస్తే ఈ తేడా మీకే కనబడుతుంది. మీరు హైదరాబాద్‌లో ఉంటే లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు కూడా దగ్గరగా చూడండి. ఆయన వేరే దారిలో, బరోడాలో చదువు మీదుగా వచ్చారు. అయినా గీతలోని కసి విషయంలో ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టవచ్చు.

పుస్తకం పనికొస్తుందా? వస్తుంది, ఒక హెచ్చరికతో. బ్యూరిన్ ఎలా నూరాలి, గ్రౌండ్ (యాసిడ్ తగలకుండా ప్లేట్ మీద వేసే పూత) ఎలా పరచాలి, కాగితం ఎంత తడపాలి, ప్రెస్ ఫెల్టులు (అచ్చు తీసేటప్పుడు కాగితం మీద పరిచే ఉన్ని గుడ్డలు) ఎలా ఉండాలి అన్న సంగతులు ముసలివైపోవు. కానీ ఆ కాలంలో యాసిడ్ అంటే నైట్రిక్ యాసిడ్, లేదా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో పొటాషియం క్లోరేట్ కలిపిన డచ్ మోర్డెంట్. మొదటిది ప్లేట్‌ను తినేటప్పుడు విషవాయువులు వదులుతుంది, రెండోది కలిపేటప్పుడు క్లోరిన్ వదులుతుంది. చాలా కాలేజీల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా సరిగా ఉండదు, దయచేసి ఆ ఫార్ములాలు సొంతంగా కలపొద్దు. రాగి ప్లేట్‌కు ఫెర్రిక్ క్లోరైడ్ వాడండి. దానివల్ల ఆ వాయువుల బాధ లేదు. అయినా గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, వాడిన ద్రావణాన్ని సింకులో పొయ్యకూడదు. జింక్ ప్లేట్ మీద మాత్రం ఫెర్రిక్ వాడాలంటే ముందు మీ సార్‌ను అడగండి, అది గట్టిగా పొంగి వేడెక్కుతుంది.

నన్నడిగితే మీరు ఆ పుస్తకంలో ఎన్‌గ్రేవింగ్ అధ్యాయం దగ్గర మొదలుపెట్టండి. అరచెయ్యంత రాగి ముక్క, ఒక బ్యూరిన్, నూరుడు రాయి, ప్లేట్ కింద పెట్టి తిప్పుకోవడానికి ఇసుక నింపిన చిన్న తోలు దిండు ఉంటే చాలు. మొదట్లో మొన జారుతుంది, కాబట్టి ప్లేట్ పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ బ్యూరిన్ దారికి వెనకే ఉండాలి, ఎదురుగా ఉండకూడదు. తిన్నని గీతలు వచ్చాక వంపులు. వంపులు కుదిరాక మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ సైట్లలో పెటెర్డి ప్రింట్లు తెరిచి, జూమ్ చేసి, ఒక్కో గీత ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడిందో చూడండి. మీ మొదటి ప్రూఫ్ (పరీక్షగా తీసే అచ్చు) ఫొటో ఇక్కడ పెడితే, బ్యూరిన్ కోణం సరిగా ఉందో లేదో చూసి చెబుతాను.